గంగక్క షాఫ్టుకు గాడి

హలో… ఆ, నేనే… నేనేనే కీర్తీ, తనూజని! జనగామ తనూజని!… కొత్త నెంబర్ గాదే, మా మామయ్య ఫోను. నాది డీజిల్ బకెట్ల పడ్డది…

ఆ, డీజిల్ల… ఎట్ల పడ్డది, ఎందుకు పడ్డది, గదంత చెప్త. ముందు నువ్వు కూసున్నవా, నిలవడ్డవా?

కూసో… కూసోమంటున్న గదనే.

కూసున్నవా?

వచ్చింది.

…ఆ, గదే! మిల్లింగ్ మిషన్! నా ఇంటికి! ఎనుక గోదాం అర్ర లేదా, గక్కడ్నే నిలవెట్టిన… ఏయ్, ఒర్లకు! చెవి పోతది… నేను ఒర్లుతలేను… సరే, ఒర్లుతున్న. ఇద్దరం ఒర్లుదం, ఎవలేమంటరు!

—ఏం లేదు మామయ్యా! కీర్తి… భూపాలపల్లి కీర్తి. నాతోని పాలిటెక్నిక్ చదివింది, బొగ్గుబాయి వర్క్‌షాపుల పనిచేస్తది… ఆ, గామెనే. మీకు నమస్తే అంటుంది—

అన్నవా లేదా? అను జల్ది. పక్కకే కుర్చేసుకొని కూసున్నడు…

ఇనడు తియ్. నేను ఎడమ దిక్కున్న. ఆయనకు ఎడమ చెవి ఇనవడదు.

నీ భుజం ఎట్లుందే?… ఇంకా చెయ్యి లేపొద్దన్నరా?… ఆపరేషనై రెండేండ్లాయె గదా… అంటే ఇగ మిషన్ ముట్టుడు లేదా, స్టోర్ల కూసునుడేనా?… ఊ… ఊ… సరే తియ్. ఇయ్యాల నాకు నీ మాట సాయం గావాలె. ఆదివారమే గదా, నీకు డ్యూటీ లేదు గదా?… పొయ్యి మీద ఏమున్నది?… చికెనా? బంద్ చెయ్. బంద్ చేసి రా. మాడితే నా మీద వెయ్యకు.

…

వచ్చినవా? ఇగ ఇను.

గురువారం వచ్చింది మిషన్… మూడు దినాలే. నిలవెట్టి, మొదటి ముక్క కోసి, గది చేతుల పట్టుకొని నీకు ఫోన్ చేద్దామనుకున్న. దర్జాగ. కాలే! నువ్వు లేకుంటే నాతోని కాదని తెల్సిపోయింది, అందుకే చేస్తున్న… నవ్వు, నవ్వు.

చెక్కపెట్టెల వచ్చిందే. నూట ఇరవై కిలోలని మీద రాసున్నది. ట్రాలీ ఆటోవాడు మా గల్లీ మలుపు కాడ దించిపోతనంటడు, లోపటికి రాదంట. మార్కెట్‌కు ఉరికిన. వడ్ల బస్తాలు మోసే హమాలీలు నలుగుర్ని తోల్కొచ్చిన. వాళ్లేమో "ఈ పెట్టెల ఏమున్నదమ్మా" అన్నరు. నేను మంచిగ "మిల్లింగ్ మిషన్" అన్న.

అగో, గక్కడ తప్పు చేసిన…

ఏం తప్పా? మిల్లు అంటే జనగామల ఏమనుకుంటరే?… ఆ! గిర్ని! పిండి గిర్ని!

తెల్లారి ఏడు గొట్టంగ తలుపు కొట్టుడు. తీస్తే ముగ్గురు ఆడోళ్లు. ఒకామె నెత్తిమీద గోధుమలు, ఒకామె సంకల మిరపకాయల సంచి, ఒకామె చేతిల పసుపు కొమ్ముల డబ్బా. "కొత్త గిర్ని వెట్టిండ్రంట గదా, కారం గూడ పట్టిస్తరా?" అని… ఆగు, ఇంకుంది. "అక్కా, గిది ఇనుము పట్టేది" అన్న నేను. గా పసుపు డబ్బా ఆమె నా మొఖం చూసి "ఇనుము పట్టిచ్చుకొని ఏం జేస్తరమ్మా, రక్తానికి మంచిదా?" అనడిగింది!

అయ్యో, నవ్వి నవ్వి చచ్చిపోకు. నాకు నువ్వు గావాలె.

మా మామయ్య మాత్రం నవ్వలే… ఆ. బజార్ల పోతుంటే అందరు గదే అడుగుడంట. "వెంకటేశం సేటూ, బోల్టుల దుకాణం తీసి గిర్ని పెడ్తున్నవా" అని. యాభై అయిదేండ్లు నట్లు, బోల్టులు అమ్మిన మనిషి గదా… కోపం చెయ్యడు. ఒక్క మాట అంటడు, "మనం అమ్మేటోళ్లం తనూజా, చేసేటోళ్లం గాదు" అని. అని, గమ్మున కూసొని చూస్తడు. తిట్టినా బాగుండు.

నెల రోజులకే ఇచ్చిండు గీ అర్ర. నెలల పనికొచ్చే వస్తువు ఒక్కటన్న చేసి చూపెట్టాలె. లేదంటే బోల్టుల బస్తాలన్ని మళ్ల గీ అర్రలకే వస్తయ్, మిషన్ అమ్ముకోవాలె… గట్లనే మాటైంది… అమర్ ఏమంటడు? మా ఆయన సంగతి నీకు తెల్వదా. నన్ను చూసి మంచిగున్నదంటడు, వాళ్ల నాయినను చూసి ఆలోచించాలంటడు… ఇంట్ల లేడు, పాలకుర్తిల పెండ్లికి పోయిండు. మా అత్తమ్మ గూడ పోయింది. నేను తల నొస్తుందని చెప్పిన.

నొస్తలేదు! మస్తున్న! పదేండ్ల పిల్ల లెక్క ఉన్న!

ఇగ అసలు సంగతి. గంగక్క గుర్తుందా?… బస్టాండ్ కాడ చెరుకురసం అమ్మే గంగి… కిందటేడు నువ్వు వచ్చినప్పుడు రెండు గ్లాసులు తాగి మూడోది అడగలేదా… ఆ, గామెనే. మానుకోట దిక్కు తండా ఆమెది. పన్నెండు దినాలాయె ఆమె మిషన్ బందై. రోలర్ షాఫ్టు లేదా, గేరు కూసునే కాడ, రెండిటిని కలిపి పట్టే కీ ముక్క ఇరికిచ్చే గాడి అరిగిపోయింది. గేరు తిరుగుతుంది, షాఫ్టు తిరుగుతలేదు. చెరుకు గట్లనే రోలర్ల నడుమ ఇరికి ఉంటుంది… ఎండలు చూస్తున్నవు గదా. ఏడాది మొత్తం తినేది ఆమె గీ మూడు నెలల్లనే.

లేత్ రాజేశ్ కొత్త షాఫ్టు గుండ్రంగ తిప్పి కోసి ఇచ్చిండు. కని, ఆయన కాడ మిల్లింగ్ లేదు. గాడి ఉలితోని చెక్కుత అన్నడంట. కిందటిది గట్ల చెక్కిందే, రెండు నెలలు రాలే. ఇంకెవరో "మిషన్ మొత్తం మార్చు" అన్నరంట.

శుక్రవారం అందరు గోధుమలు, మిరపకాయలు పట్టుకొస్తుంటే… ఈమె గూడ గోనెసంచి ఏసుకొని వచ్చింది. నేను "గిర్ని గాదక్కా" అనబోయిన. ఆమె నా మాట ఇంటలేదు. నన్ను దాటి లోపటికి, మిషన్ దిక్కు చూస్తుంది. చూసి, "గిది గాడి కొడ్తదా అమ్మా?" అన్నది.

…

కీర్తీ, గల్లీ మొత్తంల అర్థం చేసుకున్నది ఒక్క మనిషే!… నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్ పిచ్చిదాని లెక్క. "కొడ్తదక్కా" అన్న. అనేసిన. మిషన్ ఇంక మూత తీసిన పెట్టెల్నే ఉన్నది.

ఇప్పుడు తలుపు కాడ మెట్టు మీద కూసున్నది ఆమె. పొద్దుగాల తొమ్మిదికెల్లి. చాయ్ ఇచ్చిన, తాగలే. పక్కన షాఫ్టు, గేరు, గోనెసంచిల… ఉన్నది ఒక్కటే షాఫ్టు. నేను ఖరాబ్ చేసిననో, మళ్ల ఇనుము తేవాలె, రాజేశ్ తిప్పాలె, ఇంకో వారం.

భయమా? ఆ, మస్తు భయమైతుంది. అందుకే గదా నీకు చేసిన.

…

చెప్త, ఒక్కొక్కటి చెప్త. స్టాండ్ ఇనుప యాంగిల్‌తోని వెల్డింగ్ చేయించిన. మేస్త్రీ దగ్గర రసమట్టం అడుక్కొచ్చి పెట్టి చూస్తే, మా గోదాం నేల ఒక దిక్కు ఇంత వాలున్నది. స్టాండ్ కాళ్ల కింద రేకు ముక్కలు పెట్టుకుంట పెట్టుకుంట పొయ్యిన. ఇప్పుడు బుడగ నడిమధ్య ఉన్నది, అటు కదలదు, ఇటు కదలదు… ఆ, నాలుగు బోల్టులు బిగించిన. మా దుకాణం బోల్టులే! ఇంట్లనే ఉన్నయ్ గదా!

మిషన్‌కు ఎర్రటి జిడ్డు పూసి పంపిస్తరు చూడు, తుప్పు వట్టకుండ… గదంత డీజిల్ల పాత బనీను ముంచి తుడ్చిన. ముక్క బిగించే టేబుల్ పక్క పట్టీలు గూడ వదులు చేసి, లోపట తుడ్చిన. ఫోన్ చొక్కా జేబుల ఉండె. వంగిన. బుడుంగ్ మన్నది.

చొక్కా మా ఆయనది. ప్యాంటు మా భవ్య పాతది. బిడ్డ వరంగల్‌ల చదువుకుంటుంది, దాని ప్యాంటు నాకొచ్చిందే కీర్తీ! గుండీ గూడ పడ్డది!… మామయ్య చూసిండు. కండ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్ల చూసిండు.

గాజులు తీసేసిన. జడ ముడేసుకున్న. కండ్లకు అద్దాలు పెట్టిన. ఇగ చెప్పు. ఫోన్ స్పీకర్ల పెట్టి ర్యాక్ మీద ఉంచుతున్న… ఇనవడ్తున్ననా?

కొలత డయల్ బిగించిన, కట్టర్ తిప్పే స్పిండిల్‌కు. ముల్లు టేబుల్‌ను తాకుతుంది… ఎడమ దిక్కు సున్న చేసిన. ఇప్పుడు చేతితోని స్పిండిల్ మెల్లగ తిప్పాలె… తిప్పుతున్న… కుడి దిక్కుకొచ్చింది.

…

ఇరవై గీతలు.

ఎక్కువనా?… అంటే మిషన్ తల ఒక దిక్కు వాలున్నదా? మెడ నొప్పి వట్టినోని లెక్క?… ఎనుక బోల్టులు… రెండున్నయ్. వదులు చేస్తున్న… పూర్తిగ వద్దా, జరంతనా?… సరే. చెక్క సుత్తెతోని… ఎంత గట్టిగ?… "నిద్రవోయినోన్ని లేపినట్టు" అంటే నేను మా ఆయనను లేపే లెక్కనా, మామయ్యను లేపే లెక్కనా?… మామయ్యనా. సరే, మెల్లగ.

టక్… పదకొండు గీతలు! టక్… నాలుగు… టక్… అయ్యో, అటు దాటింది. మూడు, అటు దిక్కు… ఊ, ఊపిరి తీస్తున్న… టక్.

ఒకటి.

ఒక్క గీతనే! ఒకటి నడుస్తది గదా?… మీ బాయి వర్క్‌షాపుల గూడ గంతేనా?… ఏయ్ కీర్తీ, ఇంకోసారి చెప్పు ఆ మాట… ఇంకోసారి!

—ఏం లేదు మామయ్యా, మంచిగైందంటుంది—

బోల్టులు బిగించిన. మళ్ల చూసిన, కదల్లే. ఇప్పుడు కట్టర్ పెడ్తున్న. ఎనిమిది మిల్లీమీటర్లది. రెండే తెప్పించిన… ముందుగాల పాత ఇనుప దిమ్మ మీద కోస్త, అలవాటుకు. వైస్‌ల బిగించిన. రెండు దవడల నడుమ కదలకుండ పట్టుకున్నది. లోతు పెట్టిన. స్విచ్ వేస్తున్న… దుర్గమ్మ తల్లీ…

తిరుగుతుంది! కీర్తీ, తిరుగుతుంది! చప్పుడు ఇనవడ్తుందా? పిల్లి గుర్రుమన్నట్టు లేదా?… హ్యాండిల్ తిప్పుతున్న, దిమ్మ కట్టర్ దిక్కు పోతుంది… తాకింది! రవ్వలు! ఇనుము రవ్వలు లేస్తున్నయే! అరె— అరె అరె అరె—

…

బంద్ చేసిన.

ఇరిగింది… కట్టరే. ముక్క ఎటో ఎగిరింది. నాకేం కాలే… అద్దాలు పెట్టుకున్న, చెప్పిన గదా… మామయ్యకు గూడ ఏం కాలే. లేచి నిలవడ్డడు.

—మీరు కూసోండ్రి మామయ్యా, ఏం గాదు… ఆ, ఇరిగింది. ఇంకోటుంది—

గంగక్క లోపటికి తొంగి చూస్తుంది. ఆమె మొఖం చూడలేకపోతున్న నేను.

ఏంది?… చప్పుడు ఇనే చెప్తున్నవా? ఏమని?… కడకడ కొట్టుకున్నది, అవు… లోతు ఎంత పెట్టిననా? రెండు మిల్లీమీటర్లు… తిట్టు. ఇంకా తిట్టు… అరనే పెట్టాల్నా, చిన్న మిషన్‌కు? ఎనిమిది సార్లు పోవాల్నా? పోత, ఎనిమిది గాదు ఎనభై సార్లు పోత.

ఇంకేంది?… టేబుల్ పట్టుకొని ఊపాల్నా?… ఊపుతున్న… ఊగుతుంది. జరంత ఊగుతుంది!

పక్క పట్టీ!… ఆ! తుడిచేటప్పుడు వదులు చేసిన గదా. మళ్ల బిగించలే! ఫోన్ డీజిల్ల పడ్డది, గా పరేషాన్ల మర్చిపోయిన… నూరు కిలోమీటర్లో నూట ఇరవయ్యో దూరంల కూసొని, ఫోన్ల చప్పుడు ఇని, నా టేబుల్ ఊగుతుందని చెప్పినవా నువ్వు? నువ్వు మనిషివా, డాక్టరువా?

బిగిస్తున్న… హ్యాండిల్ జర బరువుగ తిరగాలె, గంతేనా… ఆ. ఇప్పుడు ఊగుతలేదు. రెండో కట్టర్ పెట్టిన. ఇదే ఆఖరు.

అర మిల్లీమీటరు. స్విచ్ వేస్తున్న… మాట్లాడకు.

…

…

ఇన్నవా?

ఇన్నవానే?… ఒక్కటే లెక్కన! కడకడ లేదు, ఏం లేదు! గాడి పడ్డది కీర్తీ, నిగనిగ మెరుస్తుంది, అద్దం లెక్క… పొట్టు చూడు, ఉంగరాలు ఉంగరాలు వస్తుంది!

—మామయ్యా, ముట్టకండ్రి, కాలుతది! ఆగుండ్రి… ఆ, ఇప్పుడు చూడుండ్రి—

చూస్తుండు. గాడిల గోరు వెట్టి రాస్తుండు.

సరే. ఇప్పుడు షాఫ్టు. గంగక్కా, షాఫ్టు ఇటు ఇయ్యి… అగో!

పోయింది… కరెంట్. కరెంట్ పోయిందే! గిప్పుడే పోవాల్నా, నా తల్లి!… ఏంది?… ఆ, స్విచ్ బంద్ చేసిన. కరెంట్ వచ్చినంక దానంతటదే తిరగొద్దు గదా… మంచిగ చెప్పినవ్, నేనైతే మర్చిపోతుంటి.

ఉండు, స్పీకర్ బంద్ చేసి చేతులకు తీస్కుంట… ఆ, చెప్పు.

…

గుర్తుందా, మన పాలిటెక్నిక్ ల్యాబ్? పచ్చరంగు మిల్లింగ్ మిషన్, గింత పెద్దది… మనిద్దరమే ఆడపిల్లలం మెకానికల్ల. దగ్గరికి పోతే "చున్నీ చిక్కుతదమ్మా, మీరు రికార్డు రాసుకోండ్రి" అనేటోళ్లు. మూడేండ్లు బొమ్మలు గీసినం దానివి. ప్రతి హ్యాండిల్ పేరు తెల్సు, ఒక్క హ్యాండిల్ తిప్పలే… మార్కులు మాత్రం మనకే ఎక్కువ. ఆ, నీకు నా కంటె మూడెక్కువ, తెల్సు, ఇరవై ఏండ్లాయె, ఇంక చెప్తనే ఉండు.

ఒక మాట చెప్పాల్నా? ఇన్నేండ్లు చెప్పలే.

నీకు బాయిల నౌకరి వచ్చి, మొదటి దినం మిషన్ నడిపి ఫోన్ చేసినవ్ చూడు… నేను దుకాణంల అర ఇంచీ నట్లు సంచులల్ల పోస్తున్న. "తనూజా, నేను తిప్పిన" అని ఒర్లినవ్. నేను "మంచిది" అని పెట్టేసిన. గిరాకీ ఉన్నదని చెప్పిన. గిరాకీ లేదు, ఏం లేదు. కుల్లుకున్ననే. వారం రోజులు నీ ఫోన్ ఎత్తలే…

…

తెల్సా? నీకు తెల్సా!… మరి ఎన్నడనలేదేం?

…

ఓ కీర్తీ. ఏడ్వకు. నువ్వేడుస్తే నేనేడుస్త, అద్దాలకు ఆవిరి వడ్తది… ఆ, నవ్వు. గట్ల.

—ఏంది మామయ్యా?… షాఫ్టా?… ఏమన్నరు?—

ఉండు కీర్తీ, ఒక్క నిమిషం. మామయ్య ఏదో అంటుండు. షాఫ్టు చేతుల పట్టుకున్నడు, కరెంట్ పోయినకాడికెల్లి ఏళ్లతోని తడుముకుంట కూసున్నడు.

—ముప్పై మిల్లీమీటర్లు మామయ్యా. రాజేశ్ చెప్పిండు… కాదా?… ఎట్ల చెప్తున్నరు?… సరే, కొలుస్త—

కీర్తీ, "గిది ముప్పై గాదు, అర తక్కువున్నది" అంటుండు. ఏలితో చూసి! వెర్నియర్ పెడ్తున్న…

…

ఇరవై తొమ్మిదిన్నర.

ఇరవై తొమ్మిదిన్నర! కీర్తీ, పక్కా ఇరవై తొమ్మిదిన్నర! నేను ముప్పై లెక్కన నడిమధ్య పట్టుకుంటే… ఆ, గాడి పావు మిల్లీమీటరు పక్కకు పోతుండె! షాఫ్టు పోతుండె!

—గంగక్కా, రాజేశ్ ముప్పై అన్నడు గదా?… ఓ… గేరు ఎక్కకపోతే ఇంకింత కోసిండా? మరి చెప్పొద్దా అక్కా—

చూస్తున్నవా? యాభై అయిదేండ్లు బోల్టులు చేతులల్ల ఆడిచ్చిన ఏళ్లు… నేను కొలవకుండనే పోతుంటినే. పాలిటెక్నిక్‌ల మొదటి పాఠం, ముందు కొలిచి చూడు అని.

మామయ్య ఏమంటుండంటే… ఆగు, ఇను… "మీ సార్లు ఇది చెప్పలేదా" అంటుండు! నవ్వుతుండు కీర్తీ! గురువారంకెల్లి మొదటిసారి నవ్విండు!

వచ్చింది, కరెంటొచ్చింది! స్పీకర్ల పెడ్తున్న.

షాఫ్టు వైస్‌ల బిగించిన. పక్కకు క్యాలెండర్ కాయితం ముక్క, నూనె తడిచేసి అంటిచ్చిన… కట్టర్ తిరుగుతుంది. దగ్గరికి తెస్తున్న… ఇంక తాకలే… ఇంక తాకలే… గుంజుకపోయింది కాయితం! తాకింది! సున్న పెట్టిన. కట్టర్ పైకి లేపిన. ఇప్పుడు… షాఫ్టుల సగం పద్నాలుగు ముప్పావు, దానికి కట్టర్ల సగం నాలుగు కలపాలె, పద్దెనిమిది ముప్పావు. మామయ్య గూడ గదే అన్నడు, నా కంటె ముందే అన్నడు.

నడిమధ్యకు వచ్చిన. అర లోతు. పోతున్న.

…

ఒకటి… రెండు… నూనె పోస్తున్న… ఆ, మామయ్య పోస్తుండు. నేను అడగలే, ఆయనే డబ్బా తీస్కున్నడు… మూడు… మంచి చప్పుడేనా? నీకు మంచిగ ఇనవడ్తుందా?… నాలుగు… అయిదు… ఆరు… ఏడు…

ఎనిమిది.

బంద్ చేసిన.

…

గాడిల పెట్టే ముక్క ఇది, ఎనిమిది మిల్లీమీటర్ల కీ… పెడ్తున్న… కూసుంటలేదు. కీర్తీ, కూసుంటలేదు… ఓ, అంచుకు పొట్టు ఉన్నది. ఆకురాయితోని రెండు గీతలు గీస్తున్న… ఇప్పుడు చెక్క సుత్తె. టక్… టక్…

కూసున్నది.

గట్టిగ కూసున్నది! ఊపితే ఊగుతలేదు! గంగక్కా, గేరు తే, గేరు తే!… ఎక్కుతుంది… ఎక్కింది. తిప్పు అక్కా, నువ్వే తిప్పు, రెండు చేతులతోని.

…

తిరుగుతుంది కీర్తీ. గేరు తిరిగితే షాఫ్టు తిరుగుతుంది.

…

గంగక్క చూడు, తిప్పుతుంది, ఆపుతుంది, మళ్ల తిప్పుతుంది… ఇప్పుడు చాయ్ అడుగుతుంది. పొద్దున్నది సల్లారిపోయింది గదా, వేడిది గావాలంట!

—పెడ్త అక్కా, పెడ్త… మామయ్యా, మీకు గూడనా?… ఏంది?… ఎవరొచ్చిండ్రు?—

వాకిట్లకు ఎవరో వచ్చిండ్రు. గిర్ని ఉన్నదా అని అడుగుతున్నరు, నవ్వకు!… మామయ్య పోయిండు చెప్పనీకి. ఇను, ఇను, ఇనవడ్తుందా ఆయన గొంతు? "గిర్ని గాదయ్యా, మా కోడలు వర్క్‌షాపు. నీ కాడ అరిగిపోయిన షాఫ్టేమన్న ఉంటే పట్కరా" అంటుండు!

కీర్తీ… జర కుర్చీ గుంజుకొని కూసుంటున్న.

…

ఆ… ఆ… నువ్వు గూడ కూసున్నవా… చికెన్ మాడిందా? ఎందుకు, బంద్ చెయ్యమంటి గదా… చెయ్యలేదా! మంచిగైంది!

ఆగు, పెట్టెయ్యకు. ఇంకో గాడి ఉన్నది. షాఫ్టు అటు కొసకు… ఆ, పెద్ద చక్రం కూసునే కాడ. చాయ్ తాగి గది గూడ కొట్టేస్త, సాయంత్రంకల్లా గంగక్క చెరుకు పెడ్తది.

లేదే, చెప్పుడేం వద్దు. నాకొస్తది ఇప్పుడు… నువ్వెందుకు ఉండాల్నా?

…రెండేండ్లాయె గదా నువ్వు మిషన్ చప్పుడు ఇనక. ఇను.

ఇగో, ఫోన్ టేబుల్ పక్కకు, కట్టర్ దగ్గర్నే పెడ్తున్న. ఏం మాట్లాడకు. ఊకె కండ్లు మూసుకొని ఇను… పెడ్తున్న…